పెరటి పెట్టల మేత: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లోనో మేడ మీదో నాలుగైదు పెట్టల నుంచి ఓ పాతిక దాకా పెంచుకునేవాళ్ళ కోసం రాసింది ఇది, షెడ్డేసి వేలల్లో పెంచేవాళ్ళ లెక్కలు వేరు కాబట్టి వాళ్ళకి పెద్దగా పనికిరాదు. ఎక్కువమంది అడిగేది ఏ టానిక్ మంచిది, ఏ మందు వేస్తే గుడ్లు పెరుగుతాయి అని. నేను తిరిగి అడిగేది మాత్రం రోజూ ఏం పెడుతున్నారండీ అని. "నూకలు" అన్నారంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

కడుపు నిండా నూకలు పెడుతున్నాం, అయినా గుడ్లు సరిగ్గా రావట్లేదు. ఎందుకు?

ఎందుకంటే కడుపు నిండుతోంది కానీ గుడ్డుకి కావాల్సిన సరుకు లోపలికి వెళ్ళట్లేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అది పెట్టాలన్నా తన ఒంటిని నిలబెట్టుకోవాలన్నా బాగా గుడ్లు పెట్టే పెట్టకి రోజుకి 16, 17 గ్రాముల ప్రోటీన్ కావాలి, 100 గ్రాముల నూకల్లో ఉండేది మహా అయితే 8 గ్రాములు, మొక్కజొన్న అయితే 9. ఇంక మిగతాది ఎక్కడినుంచి తెస్తుంది? కొన్నాళ్ళు ఒంట్లోది కరిగించి పెడుతుంది, తర్వాత మానేస్తుంది, మానేశాక తిన్న నూకలన్నీ పొట్టలో కొవ్వుగా పేరుకుంటాయి. కోసి చూస్తే పసుప్పచ్చ కొవ్వు గుప్పెళ్ళు గుప్పెళ్ళు వస్తుంది చూడండి, అది ఇదే.

"మా అమ్మమ్మ వాళ్ళు ఏం పెట్టేవాళ్ళు, గుప్పెడు నూకలు జల్లేవాళ్ళు, అంతే కదా" అంటారు. నిజమే, కానీ వాళ్ళ పెట్టలు పొద్దున గంప ఎత్తితే పెంటకుప్ప మీదకి, గడ్డివాము కిందకి, పశువుల పాకలోకి, పొలం గట్ల మీదకి పోయి రోజంతా పురుగులు, చెదలు, వానపాములు, ఆకులు, రాలిన గింజలు ఏరుకుని తినేవి, ఆ గుప్పెడు నూకలు సాయంత్రం గూటికి రప్పించడానికి వేసే ఎర మాత్రమే. ఇప్పుడు పెరడంతా సిమెంటు, చుట్టూ ప్రహరీ. ఎరని భోజనం చేసేసి గుడ్లు రావట్లేదంటే ఎలా వస్తాయండీ.

రోజుకి ఒక్కో పెట్టకి ఎంత పెట్టాలి?

కట్టేసి పెంచితే గ్రామప్రియ లాంటి ఎక్కువ గుడ్లు పెట్టే జాతి పెట్టకి 100 నుంచి 120 గ్రాములు, చిన్న నాటు పెట్టకి 70, 80 గ్రాములు. బయట బాగా తిరిగి మేసేవాటికి అందులో సగం చాలు, అది కూడా ఎక్కువ భాగం సాయంత్రం. కొలవడం కష్టమనుకుంటే చీకటి పడ్డాక గూట్లో చెయ్యి పెట్టి గొంతు కింద మేత సంచి తడిమి చూడండి, నిండుగా గట్టిగా తగిలితే సరిపోయినట్టు, ఖాళీగా వేలాడుతుంటే చాలలేదు, తెల్లారేసరికి కూడా అలాగే నిండుగా ఉంటే అరగట్లేదని, దాని సంగతి వేరే చూడాలి.

ఇంట్లోనే దాణా కలుపుకోవాలంటే కొలతలు చెప్తారా?

10 కిలోలకి చెప్తా. మొక్కజొన్న రవ్వ నాలుగున్నర కిలోలు, నూకలు కిలో, సోయా చెక్క (నూనె తీశాక మిగిలేది) 2 కిలోల 200 గ్రాములు, తవుడు కిలో 100, షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన గుల్ల పలుకులు) 900 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, కోళ్ల మినరల్ మిక్చర్ ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అంత. లెక్కేస్తే ప్రోటీన్ 16 శాతం, కాల్షియం 3.8 శాతం దగ్గరకి వస్తుంది, గుడ్ల పెట్టకి కావాల్సింది కూడా అదే. పుంజులు, పిల్లలు కలిసి తింటుంటే గ్రిట్ మాత్రం ఇందులో కలపకండి, విడిగా ఒక చిప్పలో పెట్టండి, ఎందుకో కింద ఉంది.

మొక్కజొన్న బదులు కొంత జొన్నలు, సజ్జలు వేసుకోవచ్చు, ఏది చవగ్గా దొరికితే అది, సజ్జల్లో ప్రోటీన్ కాస్త ఎక్కువే. సోయా చెక్క దొరకదు, మా ఊళ్ళో పల్లి చెక్కే ఉంది అంటే అది కూడా మంచిదే, ప్రోటీన్ 40 శాతం పైనే ఉంటుంది, కానీ కోళ్ళకి కావాల్సిన లైసిన్, మెథియొనైన్ అనే ప్రోటీన్ భాగాలు అందులో తక్కువ కాబట్టి సగం పల్లి చెక్క, కొంచెం నువ్వుల చెక్క, కొంచెం ఎండు చేపల పొడి అలా కలిపితే బాగుంటుంది. పత్తి గింజల చెక్క వద్దు, అది గేదెలకి సరే గానీ పెట్టలు తింటే గుడ్డు నాలుగు రోజులు నిలవ ఉండేసరికి సొన ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మారుతుంది. పచ్చి సోయా గింజలు కూడా వద్దు, వేడి చెయ్యని సోయాలో ప్రోటీన్ అరగనివ్వని గుణం ఉంటుంది, మిల్లు నుంచి వచ్చే చెక్కతో ఆ బాధ లేదు.

ఇంకోటి, ఉప్పు ఆ 30 గ్రాములే. ఎండు చేపలు ఉప్పువి అయితే అది కూడా వెయ్యకండి.

ఇంత గోల ఎందుకు, షాపులో లేయర్ (గుడ్ల పెట్టల) దాణా కొనేస్తే సరిపోదా?

సరిపోతుంది. అయిదారు పెట్టలే ఉంటే నిజానికి అదే తేలిక. కాకపోతే సంచి మీద లేయర్ అని ఉందో లేదో చూసుకోండి, షాపువాడు "కోళ్ల దాణా" అని బ్రాయిలర్ ఫినిషర్ ఇచ్చేస్తుంటాడు, అది మాంసం పెరగడానికి, అందులో గుడ్డు పెంకుకి సరిపడా కాల్షియం ఉండదు. ఇంకో పొరపాటు ఏంటంటే లేయర్ దాణా కొని దాన్ని "పొదుపుగా" సగం నూకల్లో కలిపేస్తారు. 16 శాతం ప్రోటీన్ ఉన్నదాన్ని 8 శాతం ఉన్నదానితో సగానికి సగం కలిపితే 12 అవుతుంది, కాల్షియం కూడా సగమైపోతుంది, డబ్బులూ ఖర్చయ్యాయి గుడ్లూ రాలేదు. గింజలు జల్లడం సరదా అయితే రోజు మేతలో పదో వంతు దాటకుండా సాయంత్రం జల్లండి చాలు.

ఈ లేయర్ దాణా పిల్లలకి మాత్రం పెట్టొద్దు. గుడ్లకి రాని పిల్లలకి, అంటే నాలుగు నాలుగున్నర నెలల లోపు వాటికి, అంత కాల్షియం వెళ్తే కిడ్నీలు పాడవుతాయి. వాటికి స్టార్టర్ (చిన్న పిల్లల దాణా), తర్వాత గ్రోయర్ (ఎదిగే పిల్లల దాణా). మొదటి గుడ్డు పడే ముందు పది రోజుల నుంచి మార్చుకోవచ్చు.

తోలు గుడ్లు పెడుతున్నాయి, పెంకు ముట్టుకుంటే పగిలిపోతోంది. ఏం వెయ్యాలి?

ఇది అందరికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న కాబట్టి కాస్త వివరంగా చెప్తా. పెంకు బరువు 5, 6 గ్రాములు, అందులో కాల్షియం రెండు గ్రాముల పైన. ఒక గుడ్డుకి పెంకు కట్టడానికి లోపల సుమారు 20 గంటలు పడుతుంది, ఆ పని చాలావరకు రాత్రిపూట నడుస్తుంది, అప్పుడు పెట్ట గూట్లో నిద్రపోతూ ఉంటుంది, మేత ఉండదు. లోపల పేగుల్లో కాల్షియం ఉంటే అది వాడుకుంటుంది, లేకపోతే తన ఎముకల్లోంచి తీసుకుంటుంది. రోజూ ఎముకల్లోంచే తీస్తూ పోతే ముందు పెంకు పల్చబడుతుంది, తర్వాత తోలు గుడ్డు, తర్వాత పెట్ట కాళ్ళ మీద నిలబడలేక కూలబడిపోతుంది.

అందుకే ఏం వెయ్యాలి అన్నదానితో పాటు ఎప్పుడు, ఎంత సైజులో అన్నది కూడా ముఖ్యం. మెత్తటి పొడి పొద్దున పెడితే మధ్యాహ్నానికల్లా ఒంట్లోంచి పోతుంది. అదే రెండు మూడు మిల్లీమీటర్ల పలుకులు, అంటే జొన్న గింజంత ముక్కలు సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు తింటే కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతాయి. దాణా షాపుల్లో షెల్ గ్రిట్ అని అడగండి, చవకే. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు ఆల్చిప్పలు, కాలవల పక్కన ఉన్నవాళ్ళు నత్త గుల్లలు ఏరి, కడిగి, ఎండబెట్టి నలగ్గొట్టుకుంటే ఒక్క రూపాయి ఖర్చు లేదు. చిప్పలో విడిగా పెట్టేస్తే గుడ్లు పెట్టే పెట్ట తనకి కావాల్సినంత తానే తింటుంది, పుంజు దాని జోలికి పెద్దగా పోదు, మీరు లెక్కలెయ్యక్కర్లేదు.

గ్రిట్ పెట్టి రెండు మూడు వారాలైనా తగ్గలేదంటే ఎండ చూడండి. డి విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, ఎండలో తిరిగే పెట్టకి ఆ లోటు రాదు, మేడ మీద రేకుల కింద పంజరంలో ఉన్నదానికి వస్తుంది. ఇంకా గుడ్లకి కొత్తగా వచ్చిన పెట్ట మొదట్లో ఒకటి రెండు తోలు గుడ్లు పెడితే కంగారు పడక్కర్లేదు. బాగా ముసలి పెట్ట అయితే ఎంత పెట్టినా పెంకు పల్చగానే వస్తుంది.

తాంబూలం సున్నం నీళ్ళలో కలిపి పెట్టమంటున్నారు?

వద్దండి. లీటరు నీళ్ళలో కరిగే సున్నం రెండు గ్రాములు కూడా ఉండదు, పెట్ట తాగేది పావు లీటరు, ఇంక ఎంత కాల్షియం వెళ్తుందో మీరే చెప్పండి. పోనీ అడుగున ముద్ద ఉన్న నీళ్ళు తాగితే నోరు, గొంతు పొక్కుతాయి. గుల్ల పెట్టండి హాయిగా.

గుడ్డు పెంకులే తిరిగి పెడితే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయా?

అలాగే పెడితే నేర్చుకోవచ్చు. పెనం మీద బాగా వేయించి, గుడ్డు అని గుర్తుపట్టకుండా నలగ్గొట్టి పెడితే ఏం కాదు. అసలు గుడ్లు తినడం మొదలయ్యేదే పల్చటి గుడ్డు గూట్లో పగిలి ఒకసారి రుచి చూసినప్పుడు, కాబట్టి కాల్షియం సరిగ్గా ఉంటే ఆ అలవాటే తక్కువ. ప్రోటీనో ఉప్పో చాలకపోయినా ఈకలు పీక్కోవడం, గుడ్లు పొడవడం చూస్తాం.

చిన్న రాళ్ళు కూడా పెట్టాలా?

మట్టిలో తిరిగేవాటికి అక్కర్లేదు, అవే ఏరుకుంటాయి. మేడ మీద పెంచేవాళ్ళు గింజలో ఆకులో పెడుతుంటే మాత్రం ఒక చిప్పలో బియ్యం గింజంత గరుకు ఇసక రాళ్ళు పెట్టండి, కందనకాయలో నలగడానికి. గుల్ల కరిగిపోతుంది కాబట్టి ఈ పనికి రాదు.

అజొల్లా (నీళ్ళ మీద తేలే చిన్న ఆకు మొక్క) పెంచితే దాణా ఖర్చు సగానికి తగ్గుతుందట, నిజమేనా?

వీడియోల్లో చెప్పేంత కాదు. ఎండబెట్టిన అజొల్లాలో ప్రోటీన్ 20 నుంచి 25 శాతం ఉన్నమాట నిజమే, కానీ మీరు తొట్టిలోంచి తీసే పచ్చి అజొల్లా 90 శాతం పైన నీళ్ళే. కిలో పచ్చిది ఎండబెడితే చేతికొచ్చేది 50, 60 గ్రాములు, అందులో ప్రోటీన్ పన్నెండు పదమూడు గ్రాములు, అంటే ఒక్క పెట్టకి ఒక్క రోజుకి కూడా పూర్తిగా చాలదు, పైగా కిలో ఆకు పెట్ట పొట్టలో పట్టదు కదా. రోజుకి పెట్టకో గుప్పెడు వేస్తే మంచి పచ్చిమేత, సొనకి రంగొస్తుంది, విటమిన్లు వస్తాయి, ఖాళీ తొట్టి, నీడ, పేడ ఉన్నవాళ్ళు పెంచుకోండి. దాణా మానేసి దీని మీద ఆధారపడతాం అంటే మాత్రం గుడ్ల మీద ఆశ వదులుకోవాలి. పెట్టే ముందు మంచి నీళ్ళలో రెండుసార్లు కడగండి, పేడ వాసనకి కొన్ని ముట్టవు.

ఇంకే ఆకులు పెట్టొచ్చు?

మునగాకు నా లెక్కలో అన్నిటికంటే మేలు, నీడలో ఎండబెట్టి పొడి చేసి దాణాలో కలిపితే ప్రోటీన్‌తో పాటు కాల్షియం కూడా వస్తుంది, 100 కిలోల దాణాలో 5 కిలోలు కలుపుకోవచ్చు. తోటకూర, గడ్డి, క్యాబేజీ పై ఆకులు, కరివేపాకు రెబ్బల చివర్లు ఏవైనా సరే, కట్టగా కట్టి తల ఎత్తులో వేలాడదీస్తే నేల మీద తొక్కి పాడు చెయ్యకుండా పొడుచుకు తింటాయి. సుబాబుల్ ఆకు మాత్రం జాగ్రత్త, అందులో మైమోసిన్ అని ఉంటుంది, ఎక్కువైతే ఎదుగుదల, గుడ్లు రెండూ తగ్గుతాయి.

పురుగులు, చేపలు, రొయ్య పొట్టు లాంటివి?

ఇక్కడే అసలు లాభం అంతా. ప్రోటీన్ కొనకుండా వచ్చే దారి ఇది. చెదలు పట్టించే పాత పద్ధతి ఊళ్ళల్లో పెద్దవాళ్ళకి తెలుసు: పాత కుండలో తడిపిన గోనె ముక్కలు, ఎండు పేడ, గడ్డి కుక్కి చెదలున్న చోట సాయంత్రం బోర్లించి వదిలేస్తే పొద్దునకి కుండ నిండా చెదలు, తెచ్చి పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ. పిల్లలకి దీన్ని మించిన మేత లేదు.

హిందూపురం, మదనపల్లె వైపు వాళ్ళకి పట్టు దారం తీసే యూనిట్ల దగ్గర ఉడికిన ప్యూపాలు (పట్టుగూడు లోపలి పురుగులు) దొరుకుతాయి, ఎండినదాంట్లో సగం ప్రోటీనే, కాకపోతే నూనె ఎక్కువ కాబట్టి తొందరగా కంపు కొడుతుంది, తాజాగా ఎండబెట్టి వాడాలి, ఎక్కువ పెడితే గుడ్డుకి ఆ వాసన వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నత్తలు, పరిగెలు, రొయ్య పొట్టు ఉండనే ఉన్నాయి. నత్తల్ని ఉడకబెట్టి గుల్లతో సహా నలగ్గొట్టి పెడితే ప్రోటీనూ కాల్షియం ఒకేసారి, పచ్చివి పెడితే కడుపులో పాములు వచ్చే ప్రమాదం. ఎండు చేపలు మార్కెట్లోవి ఉప్పు వేసినవి అయితే రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి ఎండబెట్టాలి. దాణాలో చేప అయిదు శాతం దాటితే ఆమ్లెట్ వేసేటప్పుడు మీ ఇంట్లోవాళ్ళే కనిపెట్టేస్తారు.

సొన ఎర్రగా ఉంటేనే బలమైన గుడ్డా?

రంగు పచ్చ మొక్కజొన్న నుంచి, ఆకుల నుంచి, బంతిపూల రేకుల నుంచి వస్తుంది. ఫారం దాణాలో కూడా బంతిపూల సారం కలిపి రంగు తెప్పిస్తారు, కాబట్టి రంగు చూసి బలం చెప్పలేం. నూకలు, తెల్ల జొన్నలే తినే పెట్ట సొన తెల్లగా ఉంటుంది, అది మాత్రం పచ్చిమేత లేదని గుర్తు. పెంకు రంగు జాతిని బట్టి, మేతతో మారదు.

మిరపకాయలు పెడితే వేడి చేసి గుడ్లు ఎక్కువ పెడతాయా?

కోళ్ళకి మిరప కారం తెలీదు, పక్షుల నోటికి ఆ ఘాటు తగలదు, అందుకే పండు మిరప విత్తులు హాయిగా తింటాయి. సొనకి కాస్త ఎరుపొస్తుంది. గుడ్లు ఏం పెరగవు.

వంటింట్లో మిగిలినవి పెట్టొచ్చా?

చద్దన్నం, కూరగాయ తొక్కలు, రొట్టె ముక్కలు, పప్పు కొంచెం పర్లేదు. పచ్చళ్ళు, ఆవకాయ డొక్కలు, ఉప్మా మాడు లాంటి ఉప్పు ఎక్కువున్నవి వద్దు. ఉల్లిపాయలు రోజూ ఎక్కువగా వెళ్తే రక్తహీనత వస్తుంది. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంప, అవకాడో, చాక్లెట్, ఉడకని రాజ్మా అసలు వద్దు. పెట్టింది అరగంటలో తినేయాలి, మిగిలితే తీసెయ్యాలి, లేకపోతే ఈగలూ ఎలకలూ. అన్నం మాత్రం పెడుతూ పోతే మళ్ళీ నూకల కథే.

పందెం కోళ్ళకి పెట్టినట్టు జీడిపప్పు, బాదం, కీమా పెడితే పెట్టలు కూడా బలంగా అవుతాయి కదా?

భీమవరం వైపు నుంచి ఈ ప్రశ్న సంక్రాంతి ముందు తప్పకుండా వస్తుంది. ఆ పుంజుకి రోజూ ఈత, నడక, మాలిష్ ఉంటాయి, తిన్నదంతా కండకి పోతుంది. గూటి ముందు కూర్చునే పెట్టకి అదే పెడితే లివరు చుట్టూ కొవ్వు పట్టి ఒకరోజు చూసేసరికి చచ్చి పడుంటుంది, పైకి బొద్దుగా నిగనిగలాడుతూనే ఉంటుంది. జీడిపప్పు మీరు తినండి.

ఎండాకాలం గుడ్లు తగ్గిపోతున్నాయి, మేత మార్చాలా?

మేత కంటే ముందు టైము మార్చండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఆ వేడి తోడైతే తట్టుకోలేవు, అందుకే తెల్లవారుజామున ఒకసారి, ఎండ దిగాక ఒకసారి పెట్టి మధ్యలో వదిలెయ్యండి. ఎలాగూ తక్కువ తింటాయి కాబట్టి తినే కొంచెంలోనే ప్రోటీన్ ఉండేట్టు చెక్క కాస్త పెంచి నూకలు తగ్గించండి. దాణా కొద్దిగా తడిపి పెడితే ఇష్టంగా తింటాయి, గంటలో మిగిలింది తీసెయ్యాలి, పులుస్తుంది.

ఎండల్లో పెంకు పల్చబడటానికి ఇంకో కారణం ఉంది. నోరు తెరిచి రొప్పుతూ ఉంటే ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పోయి రక్తంలో బైకార్బనేట్ తగ్గుతుంది, పెంకు కట్టడానికి అది కావాలి. అందుకే గుల్ల పెట్టినా పెంకు పల్చగా వస్తుంటే నీడ, చల్లటి నీళ్ళు చూడండి, లీటరు నీళ్ళలో రెండు గ్రాముల వంట సోడా మధ్యాహ్నం పూట కొన్నాళ్ళు ఇవ్వొచ్చు. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే పెట్ట ఎండల్లో దానికి రెట్టింపు తాగుతుంది, నీళ్ళ గిన్నె ఎండలో ఉండి వేడెక్కితే ముట్టదు, ఒక్క పూట నీళ్ళు లేకపోయినా ఆ దెబ్బ కొన్ని రోజులు గుడ్ల మీద కనిపిస్తుంది. పల్చటి మజ్జిగ పర్లేదు, ఉప్పు వెయ్యకండి.

వానాకాలంలో దాణా బూజు పట్టింది, ఎండబెట్టి వాడొచ్చా?

వద్దు. ఎండబెడితే బూజు చస్తుంది కానీ అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం పోదు, ఉడకబెట్టినా పోదు, నేరుగా లివరుని తింటుంది. పల్లి చెక్క, మొక్కజొన్నలకి ఇది తొందరగా పడుతుంది. నెలకి సరిపడా మాత్రమే కొని, సంచిని గోడకి ఆనించకుండా చెక్క బల్ల మీద పెట్టండి. గడ్డకట్టిన దాణా, ముక్కిన వాసన వచ్చేది పారెయ్యండి, గేదెకి కూడా పెట్టొద్దు.

వైమెరాల్, కాల్షియం టానిక్కులు నెలనెలా వాడాలా?

మేత సరిగ్గా ఉంటే అక్కర్లేదు. వైమెరాల్‌లో ఉండేవి ఏ, డి3, ఈ, బి12 విటమిన్లు, టీకా వేశాక, ప్రయాణం చేయించాక, జబ్బుపడి లేచాక, బాగా ఎండలప్పుడు నాలుగైదు రోజులు ఇస్తే పనిచేస్తుంది. నూకలు పెడుతూ పైన టానిక్ పోస్తే ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ డబ్బుతో సోయా చెక్క కొనండి. గుడ్లు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆకుపచ్చ విరేచనం, మెడ తిప్పడం కనిపిస్తే అది మేత గొడవ కాదు, కొక్కెర తెగులు కావచ్చు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈకలు రాలుస్తూ గుడ్లు మానేసింది, గుడ్ల మీద కూర్చుంది లేవట్లేదు. వీటికి ఏం పెట్టాలి?

ఈకలు దాదాపు మొత్తం ప్రోటీనే, కాబట్టి రాల్చేటప్పుడు గుడ్లు లేవని మేత తగ్గించకండి, చెక్క, చేప కాస్త పెంచండి. గుడ్ల మీద కూర్చున్నది 21 రోజులూ రోజుకి ఒక్కసారే దిగుతుంది, కొంచెమే తింటుంది, దగ్గర్లో గింజలు, నీళ్ళు పెట్టి వదిలెయ్యండి, గుల్ల అప్పుడు అక్కర్లేదు.

ఇంతా చేస్తే ఏడాదికి ఎన్ని గుడ్లు వస్తాయి?

జాతిని బట్టి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ళ గ్రామప్రియ మంచి మేపు మీద 200 పైచిలుకు, అదే సంస్థ వనరాజా 100 నుంచి 120, ఊళ్ళో నాటు పెట్ట 50 నుంచి 80, పందెం జాతి అసీల్ ఇంకా తక్కువ. నాటు పెట్టకి లేయర్ దాణా ఎంత పోసినా గ్రామప్రియ అవ్వదు, మధ్యలో పొదుగుడికి కూర్చునే రోజులు పోతాయి కదా.

మేం యూకేలో ఉంటాం, నాలుగు పెట్టలు ఉన్నాయి. ఇవన్నీ ఇక్కడ కుదురుతాయా?

అన్నీ కుదరవు, ముఖ్యంగా వంటింటి మిగులు. అక్కడ ఇంటి వంటగదిలోకి వెళ్ళిన ఆహారం ఏదైనా కోళ్ళకి పెట్టడం చట్టరీత్యా నిషేధం, పెంపుడు కోళ్ళైనా సరే, కూరగాయ తొక్కలైనా సరే, పూర్తి వీగన్ ఇల్లయితే తప్ప. తోటలోంచి కోసిన ఆకు నేరుగా పెట్టుకోవచ్చు. లేయర్ పెల్లెట్స్, గ్రిట్ ప్రతిచోటా దొరుకుతాయి కాబట్టి దాణా కలిపే పని మీకు లేదు. చలికాలం గుడ్లు ఆగిపోయాయని మేత మారుస్తుంటారు చాలామంది, అది మేత వల్ల కాదు, పగలు చిన్నదవడం వల్ల. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు కూడా 11 గంటలు ఉంటుంది, లండన్లో 8 గంటలే, బాగా గుడ్లు పెట్టాలంటే పెట్టకి 14 గంటల వెలుతురు కావాలి. తెల్లవారుజామున టైమర్‌తో చిన్న బల్బు వెలిగేలా పెట్టుకోవచ్చు, లేదంటే ఫిబ్రవరి దాకా ఆగితే అవే మొదలెడతాయి.